చలి కాని వణుకు

భవానీపురం,
విజయవాడ.

అన్నయ్యకు,

చెల్లెలు నాగమణి నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాం. అక్కడ అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన, పిల్లలు కులాసాయేనా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, పక్కన అమ్మ ఉంటుంది. అందుకే నువ్వు పనిచేసే ఐసు ఫ్యాక్టరీ చిరునామాకు పంపుతున్నాను.

మా గురించి దిగులు పడొద్దు. పాప కాలేజీకి సరిగ్గా వెళ్తోంది. నాకు క్లినిక్కు పని అలవాటైంది. ఇక్కడి చేపలు ఐసులో నాని నాని చప్పగా ఉంటాయి, తిన్నట్టే ఉండదు. పైవాటా వాళ్ళకు వాసన పడదని ఎండురొయ్యలు వండటం కూడా మానేశాను. ఇరుగుపొరుగు తలుపులు తీయరు. ఆదివారం పాప పడుకుంటే పలకరించే మనిషి ఉండదు. అయినా బాగానే ఉన్నాం.

మా క్లినిక్కు నరాల డాక్టరుగారిది. ఆవిడ పిలిచేముందు వచ్చినవాళ్ళ పేరు, వయసు, బాధ చీటీ మీద ఇంగ్లీషులో రాయడం నా పని. పోయిన వారం ఒక పెద్దాయన వచ్చి "చెయ్యి వణుకుతోందమ్మా" అన్నారు. నేను షివరింగ్ అని రాశాను. చీటీ చూసి డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు.

"ఈయనకి జ్వరం ఉందా నాగమణీ? చలేస్తోందా?"

"లేదండీ."

"మరి షివరింగ్ అని ఎందుకు రాశావు? చలికో జ్వరానికో ఒళ్ళంతా వణికితే అది షివరింగ్. దుప్పటి కప్పుకుంటేనో జ్వరం దిగితేనో పోతుంది. ఇది ట్రెమర్. దీనికి చలితో పని లేదు. చూడు, చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే ఆడుతోంది. గ్లాసు అందుకోబోతే తగ్గుతోంది."

మనకు రెండూ వణుకే కదా అన్నయ్యా. నేను ఆ చెయ్యి చూశాను. బొటనవేలు చూపుడువేలి మీద చుట్ట చుడుతున్నట్టు కదులుతోంది. అచ్చం నాన్న చెయ్యి. 

నాన్నకూ అంతే కదా, వల పట్టుకుంటే తగ్గేది, అరుగు మీద కూర్చుంటే మొదలయ్యేది. "పనిలో ఉంటే బానే ఉంటాడు, ఖాళీగా ఉంటే మందు గుర్తొచ్చిద్ది" అని రేవులో అందరూ అన్నారు. మనమూ నమ్మాం. తాగుడు మానాలని అమ్మ భవానీ మాల వేయించింది. నలభై ఒక్క రోజులు ఎర్రబట్టలు కట్టి, ఒంటిపూట తిని, నేల మీద పడుకుని నాన్న చుక్క ముట్టలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు. మాలలో ఉండి కూడా దొంగచాటుగా తాగుతున్నాడని ఊరంతా అంది. ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ నన్ను ఎదురు పంపేది. "ఏదీ నాన్నా, ఊదు" అనేదాన్ని. ఆయన వంగి నా ముఖం మీద ఊదేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒక్కసారి కూడా వాసన రాలేదు. అయినా ఏలక్కాయ నమిలి వచ్చాడేమోనని అమ్మతో అన్నాను. అన్నది నేనే.

ఇప్పుడు భవానీలు మా వీధి మీదుగా కొండకు వెళ్తుంటే చూడలేక లోపలికి వచ్చేస్తున్నాను. ఆ మాట పొరపాటని ఎవరికి చెప్పుకోను? నాన్న లేడు.

ఇక అసలు సంగతి. పోయిన నెల నువ్వు బియ్యం తెచ్చినప్పుడు నీ కుడిచెయ్యి మోకాలి మీద ఆడుతుంటే తువ్వాలు కప్పుకున్నావు. అడిగితే "చలిగా ఉందే" అన్నావు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. వేయమన్నది నువ్వే. నిన్న అమ్మ ఫోన్ చేసి, "మీ అన్న కూడా తాగుడు మొదలెట్టాడే, చెయ్యి వణుకుతోంది. ఈ ఏడు మాల వేయిద్దాం" అంది.

భక్తితో వేసుకుంటానంటే కాదనను. వణుకు పోవడానికని మాత్రం వేసుకోకు. ముందు ఇక్కడికి రా. డాక్టరుగారిని అడిగాను. "మనిషిని చూడకుండా ఏం చెప్పను? వణికే ప్రతి చెయ్యీ ఒకే జబ్బు కాదు. తీసుకురా, మందులున్నాయి" అన్నారు. వచ్చేలోగా నీ చేత్తో ఒక పేజీ రాసి పంపమన్నారు. ఆ పెద్దాయనకున్న జబ్బులో రాయగా రాయగా అక్షరాలు చిన్నవైపోతాయట. నాన్న నా ప్రోగ్రెస్ కార్డు మీద చీమలబారులాగా సంతకం పెడితే, టీచరు తిడుతుందని ఏడ్చి గొడవ చేశాను. అదీ ఇప్పుడే గుర్తొచ్చింది.

వదిన చేత రాయించకు. నువ్వే రాయి. వదినను, పిల్లలను అడిగానని చెప్పు. నాన్న సంగతి అమ్మకు నేనే వచ్చి, ఆవిడ తట్టుకునే రోజు చూసి చెప్తాను. రేవులో పెద్దవాళ్ళకు నమస్కారాలు చెప్పాలని లేదు, అయినా చెప్పు. నన్నూ పాపనూ దీవించు.

రాసేటప్పుడు చెయ్యి ఆడితే ఆడనీ అన్నయ్యా. నువ్వు ఇక్కడ బస్సు దిగినప్పుడు నేను ఊదమని అడగను.

నీ చెల్లెలు,
నాగమణి