మెతుకులు ఎవరు వేస్తున్నారు?

ఉక్కునగరం, ఆదివారం, ఆగస్టు 1987

చేపల తొట్టిలో మరో గప్పీ చనిపోయింది. నీరు మళ్ళీ తెల్లబారింది. అడుగున ఇసుకలో అన్నం మెతుకులు కనిపించాయి. నేను వేసేది చిటికెడు ఎండు మేత మాత్రమే. ఏంజెల్ చేపల జంట అడిగితే ఇవ్వలేదన్న కక్షతో పక్క క్వార్టరు మూర్తి వేస్తున్నాడేమోనని అనుమానించాను. నేను డ్యూటీలో ఉండగా అతడు వచ్చాడా అని పనిమనిషి పైడమ్మను అడిగాను.

"ఆయనెందుకొత్తారు బాబూ? నానే ఏత్తన్నాను. పైకొచ్చి నోర్లు తెరుత్తన్నాయి, ఆకలి కాదేటి?"

అవి నోళ్ళు తెరిచేది గాలి అందక. మెతుకులు కుళ్ళినకొద్దీ నీటిలో గాలి తగ్గింది. ఆమె జాలి పెరిగింది. క్లోరిన్ పోయేలా నిలవ ఉంచిన నీటితో తొట్టిలో సగం నీరు మార్చాను. చావుల మాట ఎత్తకుండా, అన్నం వాటికి అరగదని మాత్రమే చెప్పాను. సరేనంది కానీ, వెళుతూ తొట్టి వైపు చూసిన చూపు నాకు నమ్మకం కలిగించలేదు. రేపు డ్యూటీకి వెళ్ళాలి. అన్నం గిన్నెకు తాళం వేయలేను కదా...