మీరు గొంతిచ్చిన పైలట్

ఏమండీ,

మీరు పైలట్ పాత్రకు గొంతిచ్చిన సినిమా డబ్బింగ్ ఇవాళ పూర్తయింది. మీరు పోయి నాలుగు నెలలైనా మీ ట్రాక్ అలాగే ఉంచారు. పంజాగుట్ట స్టూడియోలో ఆ పైలట్ ప్రియురాలికి నేనే డబ్బింగ్ చెప్పాను.

అడవి మంటల మీద నీళ్ళు కుమ్మరించే విమానం కూలి ఆ పైలట్ చనిపోతాడు. ఆత్మగా తిరిగొచ్చి ఆమె వెనకే నిలబడి మాట్లాడతాడు. ఆమెకు వినబడదు. అక్కడ నేను ఊపిరి శబ్దం మాత్రం ఇవ్వాలి.

స్క్రిప్టులో "నేనిక్కడే ఉన్నాను" అనే ఉంది. ఊరుకోక మీరు ముందు "ఏమోయ్" తగిలించారు. హెడ్‌ఫోన్స్‌లో అది వినగానే నేను "ఆఁ, వస్తున్నా" అనేశాను.

ఇంజనీరు రికార్డింగ్ ఆపాడు. "అక్కా, గా అమ్మాయికి ఇనబడదు కదా. అన్న ట్రాక్ మ్యూట్ చెయ్యనా?" అన్నాడు. వద్దన్నాను.

రెండోసారీ పలికాను. మూడోసారి పెదవి పంటికింద బిగబట్టి, తెరమీద విమానం రెక్కనే చూస్తూ నిలబడ్డాను. టేక్ ఓకే అన్నాడు.

మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట దాకా నడిచొచ్చాను. ముప్పై ఏళ్ళ కాపురంలో మీరు పిలిస్తే నేను పలకకపోవడం ఇదే మొదటిసారి.