నాలుగో కుర్చీ

లాబువాన్ దీవి,
3 ఆగస్టు 1994

మా అక్క విన్నీకి,

నీ ఉత్తరం అందింది. అందేసరికే తడిసి ముద్దయింది. నువ్వు ఏడ్చి రాశావని పొరబడనులే, ఈ దీవిలో కాగితాలకి కూడా చెమట పడుతుంది. “ఎవరితోనైనా కలుస్తున్నావా, లేక గోడలతో పోట్లాడుతున్నావా?” అని అడిగావు. కలవడమా! తీరిక లేక చస్తున్నానంటే నమ్ము.

మా ఆయన రాల్ఫ్ సంగతి నీకు తెలిసిందే. నాలుగు వారాలు నడిసముద్రంలో చమురు బావి మీద క్రేను తిప్పుతాడు, రెండు వారాలు ఇంటికొచ్చి గురక పెడతాడు. మొన్న పడవెక్కే ముందు కొత్త పేచీ ఒకటి పెట్టాడు. “పెగ్గీ, నవంబరు పదమూడున నీ పుట్టినరోజు. ఆవేళకి మన బల్ల చుట్టూ నలుగురు కూర్చోవాలి. కంపెనీ పంపితే వచ్చేవాళ్ళు కాదు, నీకోసం వచ్చేవాళ్ళు. ఉంటే ఇక్కడే ఉందాం. లేకపోతే మన ఊరు గ్రిమ్స్‌బీ పోదాం. నువ్విక్కడ ఒంటరిగా గోళ్ళు కొరుక్కుంటుంటే నాకక్కడ క్రేను మీద చెయ్యి ఆడటం లేదు” అన్నాడు. అనడమేమిటి, రాజీనామా కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు కూడా! పదకొండు నెలలు ఖాళీగా కూర్చుని మన రేవు గట్టు మీద సముద్రపు పిట్టలకి రొట్టె విసిరిన మనిషి. ఈ పని దొరికాకే మళ్ళీ ఈల వెయ్యడం మొదలుపెట్టాడు. అది నావల్ల పోతుందంటే నేనూరుకుంటానా?

అందుకని మనవాళ్ళు కలిసే చోట్లన్నీ గాలించాను. శుక్రవారం హోటల్ బార్‌కి వెళితే అక్కడ మన మగాళ్ళు బావి తవ్వే డ్రిల్లు గురించి తప్ప మాట్లాడరు. ఆదివారం చర్చి అయ్యాక కాఫీకి ఆగితే ఫిలిప్పీన్స్ వాళ్ళంతా నన్ను చూసి నవ్వారు, నేనూ నవ్వాను, అలా గంటసేపు నవ్వుకుని దవడలు నొప్పెట్టి ఇంటికొచ్చాను. మంగళవారం పొద్దున క్లబ్బులో ఆడవాళ్ళ కాఫీ ఉంది. అక్కడ మొగుడి ఉద్యోగాన్ని బట్టి కుర్చీ. మేనేజర్ల పెళ్ళాలు ఫ్యాను కింద, ఇంజినీర్ల పెళ్ళాలు కిటికీ పక్క, క్రేను తిప్పేవాడి పెళ్ళాం తలుపు దగ్గర, చెప్పుల పక్కన. విసుగొచ్చి నేనే మానేశాను. స్నేహితులంటావా, బోలెడుమంది. నలుగురేం ఖర్మ, నలభై మంది వస్తారు, కుర్చీలే చాలవు.

నీ తిక్క చెల్లెలు,
పెగ్

—

20 సెప్టెంబరు

విన్నీ అక్కా,

పోయిన ఉత్తరం చింపి పొయ్యిలో పడేయ్. అందులో చెమట సంగతి తప్ప అన్నీ అబద్ధాలే.

క్లబ్బు విసుగొచ్చి మానెయ్యలేదు, మొహం చెల్లక మానేశాను. ఎందుకో చెప్తా, తిట్టకు. మా పక్కింటి దయాంగ్ ఇక్కడి మనిషి, నన్ను చూస్తే వొళ్ళంతా నవ్వే. ఆమె నాకు వీళ్ళ వంట ఒకటి నేర్పింది. సగ్గుపిండిలో మరిగే నీళ్ళు పోసి గిరగిరా తిప్పితే జిగురు తయారవుతుంది. దాన్ని చీలిన పుల్లకి చుట్టుకుని, పులుసులో ముంచి, నమలకుండా గుటుక్కున మింగాలి. నమిలావో, నోరు మూతపడుతుంది. నాకు ఇలాంటివి చెప్పకూడదని పాపం ఆమెకి తెలీదు. నేను దాన్ని చల్లార్చి, తాటిబెల్లం, చిక్కటి పాలు కలిపి, “గ్రిమ్స్‌బీ పాయసం” అని పేరు పెట్టి క్లబ్బుకి పట్టుకెళ్ళాను. ఫ్యాను కింద పెద్ద కుర్చీ సిబిల్ హార్‌గ్రీవ్స్‌ది, పెద్ద మేనేజరు గారి భార్య. ఆవిడ ప్రతి మంగళవారం అరగంట ఉపన్యాసం ఇస్తుంది. ఆ ఒక్కరోజు నోరు మూయిద్దామని నా ప్లాను, అంతే, ఒట్టు.

ఆవిడ పెద్ద చెంచాడు తీసుకుని బాగా నమిలింది. “చాలా...” అనబోయింది. పై వరస పళ్ళు మొత్తం చెంచాతో పాటు బయటికొచ్చేశాయి. కట్టుడు పళ్ళు, విన్నీ! ఆ గదిలో ఎవరికీ తెలీదు. నాకైతే ముందే తెలీదు. నేను పకపకా నవ్వేశాను. ఇంకెవరూ నవ్వలేదు. ఆవిడ పళ్ళు రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే కారులో కూర్చుని ఏడుస్తోంది. అరవై ఏళ్ళ ఆడది, చిన్నపిల్లలా, భుజాలు ఎగిరెగిరి పడేలా.

ఆ తరువాత నన్ను ఏ ఇంటికీ ఎవరూ పిలవలేదు. బజార్లో కనపడితే మొహాలు తిప్పుకుంటారు. ఆవిడే అందరికీ చెప్పి తలుపులు వేయించిందని నా అనుమానం. వేయించినా తప్పేముంది? చిన్నప్పుడు నువ్వు అనేదానివి, నా నోరు నన్ను ఎక్కడా నిలవనివ్వదని. రాల్ఫ్‌కి చెప్పలేదు. నాలుగు కుర్చీల్లో ఒకటి దయాంగ్‌ది. తక్కిన మూడూ ఖాళీ.

ఇక ఏడుపు చాలు. నిన్న జరిగింది విను. చేపల బజార్లో ఒకడు ఇంత పెద్ద చేపని గొడ్డలితో కట్టె కొట్టినట్టు కొడుతున్నాడు. చూడలేక కత్తి లాక్కున్నాను. పదిహేనో ఏట బడి మానేసి ముప్పయ్యేళ్ళు చేపలు కోసిన చెయ్యి కదా, నాలుగు నిమిషాల్లో ముల్లుకి ముల్లు, ముక్కకి ముక్క. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. లిగయా అని ఫిలిప్పీన్స్ నర్సు, చర్చిలో నాతో గంటసేపు నవ్విన వాళ్ళలో ఒకతె!

“ఆతే, సోమవారం సాయంత్రాలు ఏం చేస్తుంటావ్?” అంది. ఆతే అంటే వాళ్ళలో అక్క.

“గోడలతో పోట్లాడుతుంటాను.”

“అయితే మాతో పరుగెత్తు. పరుగు రాకపోయినా ఫరవాలేదు, దాహం ఉంటే చాలు.”

ఆ సాయంత్రమే వెళ్ళాను. దాన్ని హ్యాష్ అంటారు. ఒకరు కుందేలు. ముందుగా వెళ్ళి అడవిలో, పొలాల్లో, మురికి కాలవల్లో కాగితం ముక్కలు చల్లుకుంటూ పోతారు. మిగతావాళ్ళు ఆ ముక్కలు వెతుక్కుంటూ అరుస్తూ వెంటపడతారు. కుందేలు కావాలని దొంగ దారులు కూడా వేస్తుంది. చివర నేల మీద ఇంటూ గుర్తు కనపడితే మోసపోయినట్టు, వెనక్కి రావాలి. మోసం చేసినవాళ్ళని మెచ్చుకునే ఆట ఒకటుందని యాభై ఏళ్ళొచ్చేదాకా నాకెవరూ చెప్పలేదేం?

పరుగయ్యాక అందరూ గుండ్రంగా నిలబడతారు. మధ్యలో పెద్ద ఐసుగడ్డ. నేరం చేసినవాళ్ళు దాని మీద కూర్చుని బీరు తాగాలి. కూర్చుని లేచాక ఆ నేరం మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు, అది ఖాయమైన నియమం. గుంపు పెద్ద యోప్ అని హాలండ్ వెల్డరు, తలుపంత మనిషి. నా కాళ్ళకేసి చూసి కేకపెట్టాడు.

“ఘోరం! ఈవిడ కొత్త బూట్లు వేసుకొచ్చింది!”

“అదేం నేరం నాయనా? మా ఆయన కొనిచ్చాడు.”

“అయితే ఆయన పేరు చెప్పుకుని తాగు. మగ్గుతో కాదు, బూటుతో.”

తాగాను విన్నీ. బీరు, బురద, నా కాలు, మూడూ కలిసిన రుచి. నాకు “చేపకత్తి” అని పేరు పెట్టారు. తిరిగొస్తుంటే బూటు ‘కిచకిచ’ మంది, నేను ఈల వేస్తున్నాను.

పళ్ళు సొంతవైన,
పెగ్

—

25 అక్టోబరు

విన్నీ అక్కా,

నిన్న నేనే కుందేలుని. చెప్పేముందు ఒప్పుకుంటున్నాను, బుద్ధి మారలేదు. అసలు దారి రబ్బరు తోట మీదుగా వేశాను. దొంగ దారి మాత్రం ఎంచి ఎంచి సిబిల్ హార్‌గ్రీవ్స్ బంగళా వెనక గేటులోంచి, నున్నగా కత్తిరించిన ఆవిడ పచ్చిక మధ్యదాకా వేసి, అక్కడ ఇంటూ గుర్తు పెట్టాను. ముప్పయిమంది బురద మనుషులు ఆవిడ టీ వేళకి ఊడిపడాలి. నా మీద తలుపులు వేయించిందిగా! నేను కంచె వెనక నక్కి కూర్చున్నాను.

వచ్చారు. దారి దొరికిందని “ఆన్ ఆన్!” అని అరుస్తూ పచ్చికంతా తొక్కారు. చప్పున ఆగిపోయారు. వరండాలో సిబిల్ ఒక్కతే ఉంది. నలిగిన గౌను, దువ్వని జుట్టు. ముందు వెయ్యి ముక్కల బొమ్మ అతికించే ఆట సగం పేర్చి ఉంది. మమ్మల్ని చూసి ఆవిడ చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం. పళ్ళు పెట్టుకోలేదు. ఎవరొస్తారని పెట్టుకుంటుంది?

“క్షమించాలమ్మా, మా కుందేలు మమ్మల్ని మోసం చేసింది” అన్నాడు యోప్.

“ఎవరా కుందేలు?”

ముప్పయి వేళ్ళు కంచెకేసి చూపించాయి. లేచి నిలబడ్డాను.

“నువ్వా,” అంది సిబిల్ చేతి వెనక నుంచే. “పళ్ళు చాలలేదా, పచ్చిక కూడా కావాలా?”

ఆ మాటకి నాలో ఏదో కూలింది. అప్పుడు తెలిసింది, ఆవిడ నామీద ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మంగళవారం తరువాత గడపే దాటలేదని ఆ అవతారమే చెప్పింది. పన్నెండు వారాలు! ఆవిడ రాక మంగళవారం కాఫీలే ఆగిపోయాయట. మిగతావాళ్ళు మొహం తిప్పుకున్నది ఆవిడ చెప్పి కాదు, నన్ను చూస్తే వాళ్ళకి ఆ చెంచా గుర్తొచ్చి.

“యోప్, ఐసు ఇక్కడికే తీసుకురా. నేరం నాది” అన్నాను.

పచ్చిక మధ్యలో గడ్డ పెట్టారు. కూర్చున్నాను. లిగయా ఆవిడకి నియమం చెప్పింది.

“ఎంతసేపు కూర్చోవాలి?” అంది సిబిల్.

“మామూలుగా ఒక మగ్గు తాగేంతసేపు. కానీ ఫిర్యాదు మీది, మీ ఇష్టం మేడమ్” అంది లిగయా.

“అయితే నాకో కుర్చీ వెయ్యండి.”

నా ఎదురుగా కూర్చుని, కాలు మీద కాలేసుకుని మొదలెట్టింది.

“ఎందుకు చేశావ్?”

“నన్ను చెప్పుల పక్కన కూర్చోబెట్టారు.”

“ఆ కుర్చీలు నేను వెయ్యలేదు. నేనొచ్చేసరికే అలా ఉన్నాయి. మార్చాలని నాకు తోచలేదు, అది నా తప్పే.” కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది. “నన్ను ఏది చంపిందో తెలుసా? పళ్ళు ఊడటం కాదు. ఎవరూ నవ్వలేదు. ఒక్కరు నవ్వినా నేనూ నవ్వేసి బయటపడేదాన్ని. అందరూ పైకప్పు చూశారు.”

“నేను నవ్వాను” అన్నాను.

“అవును,” అంది నెమ్మదిగా. “నువ్వొక్కదానివే. నాకు వినపడింది.”

నా వెనక భాగం అప్పటికే నాది కాకుండా పోయింది.

“ఇక లే” అంది. లేవబోతే గౌను గడ్డకి అతుక్కుపోయింది! యోప్ ఒక చెయ్యి, లిగయా ఒక చెయ్యి పట్టి లాగితే చర్రుమని ఊడొచ్చాను. సగం గౌను అక్కడే ఉంది. సిబిల్ నోటి మీంచి చెయ్యి తీసేసి నవ్వింది. బోసినోటితో, పడీ పడీ నవ్వింది. ఈసారి ముప్పయిమందీ నవ్వారు.

పుట్టినరోజుకి రమ్మని అడగాలని నోటిదాకా వచ్చింది. ఎవర్నేమైనా అనగలిగే ఈ నోటికి, రమ్మని అడిగే ధైర్యం లేకపోయింది చూడు. యోప్, లిగయా వస్తామన్నారు. దయాంగ్ ఎలాగూ వస్తుంది. మూడు కుర్చీలు. రాల్ఫ్ అన్నది నాలుగు.

నిలబడే ఈ ఉత్తరం రాస్తున్న,
పెగ్

—

15 నవంబరు

విన్నీ అక్కా,

ఆదివారం పొద్దున్నే లేచి సిబిల్ గేటు దగ్గర నుంచి మా గడపదాకా కాగితం ముక్కలు చల్లాను. మైలున్నర దారి. ఒక్క దొంగ దారి లేదు, ఎక్కడా ఇంటూ గుర్తు లేదు. నా జన్మలో అంత నిజాయితీ పని చెయ్యలేదు. రెండింటికి వాన దంచింది. గంటలో నా నిజాయితీ అంతా మురికి కాలవలో కొట్టుకుపోయింది.

నాలుగింటికి దయాంగ్ చేపల పులుసుతో వచ్చింది. యోప్ బీరుతో, లిగయా నూడుల్స్‌తో వచ్చారు. నూడుల్స్ తుంచకుండా తినాలట, ఆయుష్షు పెరుగుతుందట. “ఆతేకి ఆయుష్షు పెరగడం దీవికి మంచిదేనా?” అని యోప్ అడిగాడు. నవ్వాను గానీ కళ్ళు నాలుగో కుర్చీ మీదే. రాల్ఫ్ కూడా దాన్నే చూశాడు. చొక్కా జేబు ఒకసారి తడుముకున్నాడు.

అయిదున్నరకి తలుపు చప్పుడైంది.

మోకాళ్ళదాకా బురద, తల మీద గిన్నె మూత అడ్డం, చంకలో గిన్నె. “కుందేలుకి వాన సంగతి తెలీదా?” అంది సిబిల్. “నాలుగిళ్ళ తలుపులు తప్పుగా తట్టాను. ఒకాయన నన్ను పనిమనిషిననుకుని ఉతకమని బట్టలిచ్చాడు.”

అందరూ లేచి నిలబడి అరిచారు. ఆవిడ తిన్నగా వచ్చి నాలుగో కుర్చీలో కూర్చుని, గిన్నె నా ముందు పెట్టింది. తాటిబెల్లం రంగు, నిగనిగ.

“గ్రిమ్స్‌బీ పాయసం. మా వంటామె చేత చేయించాను. పళ్ళు ఇంట్లో పెట్టి వచ్చాను, నాకేం భయం లేదు. కానీ లిగయా సంగతంతా చెప్పింది, మొదటి చెంచా పుట్టినరోజు పిల్లది.”

దయాంగ్ కళ్ళతోనే నాకు సైగ చేస్తోంది, మింగెయ్, నమలకు అని. అయినా నమిలాను విన్నీ. కావాలనే, బాగా నమిలాను. ఆవిడ బాకీ ఐసుతో పూర్తిగా తీరలేదని నా లెక్క. రెండు నిమిషాల్లో పై దవడ కింది దవడని కౌగిలించుకుంది. సిబిల్ చప్పట్లు కొట్టి, “ఇక ఉపన్యాసం నాది!” అంది.

రాల్ఫ్ సరిగ్గా అప్పుడే అడగాలా? “ఏం పెగ్గీ, ఉందామా, పోదామా?”

“ఉఁ... ఉమ్మ్...” అన్నాను. ముప్పయ్యేళ్ళ కాపరంలో ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పలేకపోవడం అదే మొదటిసారి. అందరూ నా మొహం చూసి పొట్టలు పట్టుకున్నారు. నేను లేచి, ఆయన జేబులోంచి రాజీనామా కాగితం లాగి, రెండు చేశాను, నాలుగు చేశాను, ఎనిమిది చేశాను. చిటికెన వేలంత ముక్కలయ్యేదాకా చింపాను. తలుపు వెనక హ్యాష్ సంచీ వేలాడుతోంది. ముక్కలన్నీ అందులో పోశాను. సోమవారం దారికి కాగితం కావాలి కదా.

రాల్ఫ్ కళ్ళు తుడుచుకుని ఈల వేశాడు. నిన్న కుందేలు సిబిల్. ఆయన రాజీనామా రబ్బరు తోటంతా చల్లింది. మా అందర్నీ మూడు దొంగ దారుల్లో పరుగెత్తించింది, పాపిష్టిది.

నువ్వు వేసవిలో రా. అయిదో కుర్చీ కొంటాను. కొత్త బూట్లు మాత్రం వేసుకురాకు.

నోరు ఇవాళే తెరుచుకున్న నీ చెల్లెలు,
పెగ్