పొయ్యి మట్టి, ఉక్కు తీగలు

అమ్మమ్మా, నీకు ఫోనులో సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను, పిన్ని చదివి వినిపిస్తుంది. నా చెయ్యి బాగానే ఉంది, కంగారు పడకు. ఇక్కడ రావులపాలెంలో అరటిగెలల లారీలు ఆగేచోట కాంక్రీటు నేల వేయిస్తున్నాను. పగులు మొదలైనా పెద్దది కాకుండా పట్టి ఉంచడానికి అందులో పొట్టి ఉక్కు తీగముక్కలు కలుపుతాం, నువ్వు పొయ్యి మట్టిలో కొబ్బరిపీచు కలిపినట్టే. మొన్న తొందరలో సంచెడు ముక్కలూ ఒక్కసారే మిక్సరులో కుమ్మరించేశాను. అన్నీ పెనవేసుకుని కాకిగూడులా ఉండ కట్టాయి. మిక్సరు ఆపించి విడదీయబోతే అరచేతిలో గుచ్చుకున్నాయి. ఇంజెక్షను చేయించుకున్నానులే. చిన్నప్పుడు నేను పీచంతా ఒకేచోట పడేస్తే "చల్లవే పిల్లా, కుమ్మరించకు!" అని చేతిమీద ఒక్కటి వేశావు చూడు, ఆ దెబ్బ ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పటినుంచీ ముక్కల్ని మిక్సరులో కొద్దికొద్దిగా చల్లించే నేల వేయిస్తున్నాను.

దూడ గడ్డి మేస్తోందా? మాగాయ ఒక సీసా పంపించు. కొత్త పొయ్యికి మట్టి మాత్రం నువ్వు తొక్కొద్దు, నీ మడమల పగుళ్ళు ఏ తీగముక్కలకూ ఆగవు. పడుకునేముందు ఆముదం రాసుకో. ఈ పని కాగానే వస్తాను. మట్టి నేను తొక్కుతాను, నువ్వు పీట మీద కూర్చుని పీచు చల్లు.

నీ మనవరాలు,
సత్యశ్రీ