వాలుగలు తగ్గిన చెరువు

ఏమండీ,

ఈ రోజు ఈ గల్ఫ్ ఊరు సీబ్‌లో, నేను పనిచేసే మేడమ్ వంటింట్లో గిన్నెలు తోముతుంటే మీ తమ్ముడు ఫోన్ చేశాడు. "వదినా, వల నిండా బొచ్చె చేపలే! లాగడానికి మనుషులు చాలట్లేదు!" అని ఒకటే కేకలు. తోముతున్న గిన్నె పక్కన పెట్టేశాను.

ఏటా తొలి వేటలో పడిన పెద్ద వాలుగను గంగమ్మ మొక్కుగా తిరిగి చెరువులో వదిలేవాళ్లం కదా. "అవి పెరిగిపోయి, మనం పోసిన బొచ్చెపిల్లల్ని మింగేస్తున్నాయే," అని మీరు మొత్తుకున్నారు. "అమ్మవారి చేపను అలా అనకండి," అని మెల్లగానే మీ నోరు మూయించింది నేనే. చివరికి వలలు ఖాళీగా వచ్చాయి. మీరు పోయాక ఆ చెరువుతో బతకలేక ఈ దేశం వచ్చాను.

నిరుడు మీ తమ్ముడు అడిగితే, అమ్మవారికి దండం పెట్టుకుని, వాలుగల్ని గేలాలు వేసి పట్టేయమన్నాను. అవి తగ్గాకే బొచ్చెపిల్లల్ని పోశారు. ఇప్పుడు చూడండి!

"మరి ఈసారి మొక్కుకి ఏం వదలమంటావు వదినా?" అన్నాడు.

"మంచి బొచ్చెను వదలండి. మీ అన్నయ్య పేరు చెప్పి వదలండి."

ఎందుకు నవ్వుతున్నావని మేడమ్ అడిగింది. మా ఆయన నా మీద గెలిచారని, వచ్చీరాని హిందీలో చెప్పాను.