పద్దెనిమిది గుంటల పెళ్లికొడుకు

జాల్నా,
20 నవంబరు 1948

మా పెద్దమ్మ పుష్పమ్మ గారికి ఆర్థర్ నమస్కరించి రాసుకునే సంగతులు. ప్రభువు దయవల్ల నేను కులాసా. మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో రాయండి.

పోలీసు చర్య ముగిసి రెండు నెలలైంది, రైళ్లు సమయానికి నడుస్తున్నాయి, కంపెనీ నన్ను మళ్లీ జిల్లాల మీదికి తోలింది. ఏడాదిగా కచేరీల్లో టైపు మిషన్లు బాగుచేసే దిక్కు లేదు. ఇక్కడ పదకొండు మిషన్లుంటే తొమ్మిదింటిలో ఒకే అక్షరం విరిగి ఉంది. కొత్త సర్కారు ఎన్ని ఉత్తర్వులు కొట్టిస్తున్నదో అక్కడే తెలిసిపోయింది.

స్టేషన్లో ఒక సిపాయి నా పొడుగు సంచి విప్పించాడు. అందులోని ఐదు ఇనుప కర్రలనూ ఒక్కొక్కటిగా కంటి దగ్గర పెట్టుకుని, తూటా దూర్చే చోటు ఎక్కడా కనబడక, నిరాశపడి వదిలేశాడు.

ఇక అసలు సంగతి. బయల్దేరే రోజు గాల్ఫు గురించి మీకు విపులంగా చెప్పాను. మీరు చింతపండులో గింజలు తీస్తూ ‘ఊఁ’ అన్నారు. సికింద్రాబాదులో పద్దెనిమిది గుంటలున్నా మనలాంటి వాళ్లం కంచె బయట నిలబడి చూడవలసిందే. అందుకని టూరు వచ్చిన ప్రతి ఊళ్లో మంచి గుంటల కోసం వెతుకుతున్నాను. దానికొక ఉపాయం కనిపెట్టాను. దొరల సమాధులు ఎక్కడున్నాయో అడుగుతాను. వాటికి మైలు దూరంలో గుంటలు తప్పకుండా ఉంటాయి.

జాల్నాలో తొమ్మిది దొరికాయి. గడ్డి లేదు, అంతా ఇసుక. చూసుకునే ఆయన జాన్ సాహెబ్ అని మన ఓరుగల్లు వైపు ముసలాయన. పల్టన్ వెళ్లిపోయి ఎన్నో ఏళ్లయినా రోజూ ఆ ఇసుక చదును చేస్తున్నాడు. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలున్నాయి, ఇంకా ఎందుకీ శ్రమ అన్నాను. ‘ఆడేటోళ్లు పోయిండ్రు బాబూ, గుంటలేం పాపం జేసినయ్’ అన్నాడు. నాలుగు రోజులుగా తెల్లవారగానే వెళ్లి, తొమ్మిది గుంటల్లోనూ గాల్ఫు ఆడి, తర్వాత కచేరీకి వెళ్తున్నాను. ఒంటికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మీ
ఆర్థర్

తా.క. జాన్ సాహెబ్ నా చెయ్యి చూసి, ‘నీకు తొమ్మిది సాలయ్, పద్దెనిమిది గావాలె’ అన్నాడు.


బన్సీలాల్‌పేట్,
29 నవంబరు 1948

ప్రియమైన కుమారుడు ఆర్థర్‌ను పెద్దమ్మ మనసారా దీవించి రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మోకరించి ప్రార్థన చేశాను. ముప్ఫై రెండేళ్లకు నీకు భూమి మీద ధ్యాస కలిగింది. నలభై గుంటలైతే ఎకరం. తొమ్మిది గుంటలంటే దాదాపు పావు ఎకరం. చిన్నదే కాని ఆరంభం ఆరంభమే.

గాల్ఫు అనేది నేను వినని పంట. నువ్వులు గానుగలో ఆడించినట్టు దాన్నీ ఆడిస్తారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. కచేరీకి పోయేముందు తొమ్మిది గుంటల పంటా ఒక్కడివే ఆడుతున్నావంటే నీ కష్టం తలచుకుని కళ్లు చెమర్చాయి. ఇసుక నేల అన్నావు, పశువుల ఎరువు వెయ్యి. సమాధుల పక్కన మాత్రం తీసుకోకు.

ఇంకో ముఖ్యమైన సంగతి. నేరేడ్‌మెట్‌లో అబ్రహాం గారని రిటైరైన స్టేషన్ మాస్టరు ఉన్నారు. ఆయన కూతురు దేవకృప తిరుమలగిరి బడిలో ఇంగ్లీషు టీచరు. నీ గురించి పోయిన ఈస్టరుకే కదిపాను. ‘గుంటెడు జాగ లేని పిలగానికి బిడ్డనెట్ల ఇయ్యాలమ్మా’ అన్నారు. ఇప్పుడు నీ ఉత్తరం పట్టుకుని వెళ్లాను. ఆయనకు చూపు సరిగా ఆనదు, కృపే పైకి చదివి వినిపించింది. చదువుతూ ఒకచోట దగ్గు వచ్చి లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చింది. అబ్రహాం గారు ‘జాల్నాల తొమ్మిది గుంటలా’ అని మీసం సవరించుకున్నారు.

నీ క్షేమం కోరే పెద్దమ్మ
పుష్పమ్మ

తా.క. గాల్ఫు నూనె ఒక శేరు పంపు. మోకాళ్లకు రాసి చూస్తాను.


ఔరంగాబాదు,
6 డిసెంబరు 1948

పెద్దమ్మ గారికి వందనాలు. జాల్నా విడిచి వచ్చేశాను. మీ జాబు అక్కడికి వచ్చి ఉంటే ఇక్కడికి పంపుతారు.

ఔరంగాబాదు గుంటలు చూస్తే మీరు నమ్మరు. ఇవీ తొమ్మిదే కాని పచ్చటి గడ్డి, పక్కన కాలువ. ఇంతకంటే మంచివి ఈ రాజ్యంలో ఉంటే సికింద్రాబాదులోనే ఉండాలి.

నిన్న మద్రాసు పల్టనుకు చెందిన కెప్టెన్ జ్ఞానశేఖర్ గారు ఎదురుపడ్డారు. చిత్తూరు మనిషి. నా పాత కర్రలు చూసి చిన్నగా నవ్వి, సరే రమ్మన్నారు. మొదటి గుంటకు నాకు నాలుగు దెబ్బలు, ఆయనకు ఎనిమిది దెబ్బలు. ఆ తర్వాత ఆయన నవ్వలేదు. ఐదో గుంట దగ్గర నేను ఇనుప కర్ర ఎత్తి కొడితే కెప్టెన్ గారి టోపీ ఎగిరి కాలువలో పడింది. జానెడు కింద తగిలి ఉంటే ఈ ఉత్తరం జైలు నుంచి రాసేవాణ్ని. చివరికి నాలుగు గుంటలు నావి, రెండు ఆయనవి, మూడు సమానం. ఆయన చెయ్యి కలిపి, ‘నువ్వు సికింద్రాబాదులో మా కర్నల్ గారితో తలపడాల్సిన వాడివి’ అన్నారు. అక్కడ నన్ను కంచె దాటనివ్వరని చెప్పాను.

మీ
ఆర్థర్

తా.క. టోపీ ఆరబెట్టి ఇచ్చాను. కొంచెం కురచైంది.


బన్సీలాల్‌పేట్,
14 డిసెంబరు 1948

ఆర్థర్‌కు పెద్దమ్మ ఆదరాబాదరాగా రాయునది.

నాయనా, ఏం పని చేశావు. మిలిటరీ రాజ్యం నడుస్తుండగా పల్టను కెప్టెన్‌ను ఇనుప కర్రతో ఎనిమిది దెబ్బలు కొట్టి, టోపీ కాలువలో పారేసి, నాలుగు గుంటలు గుంజుకుంటావా. నువ్వు చిన్నప్పుడు కోడిపిల్లను కూడా అదిలించలేదు. ఆయన నీ చెయ్యి పట్టుకున్నది కలపడానికి కాదు, గుర్తు పెట్టుకోవడానికి. ‘కర్నల్‌తో తలపడు’ అన్నాడంటే నీ మీద కేసు పైకి పోతున్నదని అర్థం.

నేను ఊరుకోలేదు. నేరేడ్‌మెట్‌కు పోయి కృపను కూర్చోబెట్టి కర్నల్ గారికి ఇంగ్లీషులో పిటిషను రాయించాను. నేను తెలుగు పంతులమ్మను, నాకు అంత ఇంగ్లీషు ఎక్కడిది. ‘తల్లి లేని బిడ్డ, తెలియక కొట్టినాడు, నాలుగు గుంటలూ వాపసు ఇస్తాడు, దయ చూపండి’ అని చెప్పాను. కృప ఒక పేజీ నిండా రాసింది. నేను కింద సంతకం చేశాను. ఆ అమ్మాయి గుణం చూడు, సైకిలు మీద స్వయంగా పోయి కర్నల్ బంగళాలో ఇచ్చి వచ్చింది.

అబ్రహాం గారు భయపడతారనుకున్నాను. ‘పల్టనోని చేతులకెల్లి నాలుగు గుంటలు గుంజుకున్నడా, గట్టోడే’ అని ఇంకో కప్పు చాయ్ అడిగారు.

దేవుడు నిన్ను కాపాడుగాక.

పుష్పమ్మ

తా.క. నూనె ఇప్పుడప్పుడే వద్దు. ఆ పంట నీకు కలిసి రాలేదు.


ఔరంగాబాదు,
4 జనవరి 1949

పెద్దమ్మ గారికి,

మీ రెండు ఉత్తరాలూ క్రిస్మస్ టపాలో చిక్కుకుని ఇవాళ ఒక్కసారే అందాయి.

గాల్ఫు పంట కాదు. ఆట. నిమ్మకాయంత తెల్లటి బంతి ఉంటుంది, దాన్ని కర్రతో కొట్టుకుంటూ పోయి నేలలో ఉన్న గుంటలో పడెయ్యాలి. ఆ గుంటలో మీ ఉప్పు డబ్బా కూడా సరిగా పట్టదు. ఎన్ని దెబ్బల్లో పడింది అని లెక్క, తక్కువ దెబ్బల్లో వేసినవాడిదే ఆ గుంట. దెబ్బలన్నీ బంతికే. కెప్టెన్ గారికి ఒక్కటీ తగలలేదు, ఆయనతో నిన్న కూడా టీ తాగాను. నాకు ఎక్కడా ఒక్క గుంట భూమి లేదు.

తప్పు నాదే, చింతపండు ముందు పెట్టుకున్న మనిషికి చెప్పవలసిన విషయం కాదది. ఎలాగైనా అబ్రహాం గారికి నిజం చెప్పండి. దేవకృప గారి చేత పిటిషను దాకా రాయించారు. నా కోసం సైకిలు తొక్కిన మనిషిని మోసం చేయలేను. సంబంధం తప్పిపోతే పోనివ్వండి. ఈ మాట రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇంకొకటి. కర్నల్ గారి ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. ‘పిటిషను అందినది. జనవరి 22, శనివారం ఉదయం ఏడు గంటలకు కంటోన్మెంటు మైదానంలో హాజరు కావలెను. కర్రలు వెంట తెచ్చుకోవలెను.’ క్షమాపణ అడిగితే కర్రలు తెచ్చుకోమంటారా? నాకేమీ బోధపడటం లేదు.

ఆర్థర్

తా.క. మీరు వెయ్యమన్న ఎరువు సంగతి జాన్ సాహెబ్‌కు తెలియనివ్వను.


బన్సీలాల్‌పేట్,
12 జనవరి 1949

ఆర్థర్‌కు ఆశీస్సులు. నీ జాబు అందింది. నీ పంట గురించి గొప్పగా చెప్పుకున్నందుకు సిగ్గుతో రెండు రోజులు పక్కింటి మేబెల్ ముందు తలెత్తలేదు. రేపు మెదకులో స్త్రీల సభలకు పోతున్నాను, మూడు వారాలు ఉండాలి. కృప కూడా పిల్లల పాటల జట్టుతో వస్తున్నది. నిజం చెబుదామని నేరేడ్‌మెట్‌కు పోయాను కాని, అబ్రహాం గారు ఎదురొచ్చి ‘ఇరవై రెండు తారీఖు కర్నల్ సాబు మన పిలగాని గుంటలు తేలుస్తడట గద, నేను సుత పోయి జూస్త’ అన్నారు. తాఖీదు సంగతి నేనే కృపకు చెప్పాను. నిజం చెప్పకుండానే తిరిగి వచ్చాను.

పుష్పమ్మ

తా.క. ఓడిపోతే వెంటనే రాయి. గెలిస్తే ఇంకా వెంటనే రాయి.


రాయచూరు,
24 జనవరి 1949

మెదకులో ఉన్న పెద్దమ్మ గారికి,

గెలిచాను.

వరసగా చెబుతాను. శనివారం తెల్లవారి బండి దిగి నేరుగా మైదానానికి పోయాను. పదేళ్లుగా బయట నిలబడిన కంచె దగ్గర కాపలా మనిషి నా పేరు అడిగి, తలుపు తీశాడు. లోపలికి అడుగు పెట్టి, వంగి ఆ గడ్డిని ఒకసారి చేత్తో తడిమాను. కర్నల్ గారు ఆరడుగుల మనిషి. నా ఐదు కర్రలూ, తన పద్నాలుగు కర్రలూ చూసి, ఆయన కూడా ఐదే ఉంచుకుని మిగతావి పక్కన పెట్టించారు. ఆ క్షణమే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఓడించాలన్న పంతం కూడా కలిగింది.

చూడటానికి చాలామంది వచ్చారు. అందులో మందపాటి కళ్లద్దాలు, నల్ల కోటు, చేతిలో గొడుగు ఉన్న ఒక పెద్దాయన మొదటి నుంచి చివరి దాకా నా వెనకే నడిచాడు. ప్రతి గుంటకూ వంగి చూసి, ‘ఇది మనదేనా’ అని అడిగేవాడు. మనదైతే మనదని, కర్నల్ గారిదైతే ఆయనదని చెప్పాను. సమానమైతే ఎవరిదని అడిగాడు. ఇద్దరిదీ అన్నాను. ‘ఉమ్మడిల పెట్టకు బిడ్డా, ఎనుక కొట్లాటలైతయ్’ అన్నాడు. ఎవరో పాపం, మంచి మనిషి. పదకొండో గుంట దగ్గర నా చెయ్యి చెమటపడితే తన రుమాలు ఇచ్చాడు.

పదిహేడు అయ్యేసరికి ఆరు నావి, ఆరు ఆయనవి, ఐదు సమానం. పద్దెనిమిదో గుంట దగ్గర కర్నల్ గారి బంతి గుంట అంచు దాకా వచ్చి ఆగింది. దెబ్బలు ఇద్దరికీ సమానం, కాని నాది పది అడుగుల దూరంలో ఉంది. జాన్ సాహెబ్ ఇసుక చదును చేసే తీరు తలచుకుని, నేల ఎటు వాలుతుందో చూసి, మెల్లగా తోశాను. బంతి పోతూనే ఉంది పెద్దమ్మా. వంగి చూసిన ఆ పెద్దాయనే మొదట ‘పడ్డది’ అన్నాడు. ఏడు నావి, ఆరు ఆయనవి.

కర్నల్ గారు టోపీ తీసి చెయ్యి కలిపారు. ఇక మీదట ఎప్పుడైనా వచ్చి ఆడుకోవచ్చని అక్కడికక్కడే కాగితం రాసి ఇచ్చారు. కంపెనీ ఒక్కరోజే సెలవిచ్చింది కనుక మధ్యాహ్నం బండికే రాయచూరు వచ్చేశాను. దారంతా ఆ కాగితం తీసి చదువుతూనే ఉన్నాను.

ఆర్థర్

తా.క. అబ్రహాం గారు వస్తారని రాశారు. ఆయన కనబడలేదు. విషయం తెలిసి మానుకున్నారేమో.


మెదకు,
30 జనవరి 1949

కుమారుడు ఆర్థర్‌కు పెద్దమ్మ సంతోషంతో రాయునది.

పిచ్చివాడా, ఆ గొడుగు ఆయనే అబ్రహాం గారు.

నిన్న ఇక్కడికి వచ్చారు. నేను కాళ్లు పట్టుకున్నంత పని చేసి, పిల్లవాడికి గుంట భూమి లేదని చెప్పేశాను. ఆయన నవ్వి, ‘మూడో గుంటకాన్నే నాకు సమజైంది పుష్పమ్మా, అది భూమి గాదని. కని నడుమల ఇడిచిపెట్టి రానీకి కాల్లు రాలే. భూములు ఎవరన్న కొంటరు. కర్నల్ సాబు ఎదురుంగ నిలబడితె చెయ్యి వనకనోడు యాడ దొరుకుతడు’ అన్నారు. మార్చిలో పెళ్లి అనుకుంటున్నాము.

ఆగు, ఇంకా ఉంది. దయ చూపమని పిటిషను పెడితే కర్రలు తెమ్మన్నదేమిటని నాకూ అనుమానంగానే ఉండింది. రాత్రి భోజనాల దగ్గర కృపను పట్టుకున్నాను. ‘నేను చెప్పింది రాసినవా లేదా’ అన్నాను. ‘లేదత్తమ్మా’ అన్నది. దయ మాటే అందులో లేదట. ఈ మనిషి పదేళ్లుగా మీ కంచె బయట నిలబడి ఆట నేర్చుకున్నాడు, మీ కెప్టెన్‌ను ఔరంగాబాదులో ఓడించాడు, ఒక్కసారి లోపలికి రానిచ్చి చూడండి అని రాసిందట. గాల్ఫు అంటే ఏమిటో దానికి మొదటి నుంచీ తెలుసు. బడికి పోయే దారిలోనే ఆ మైదానం. ‘మరి మీ నాయినకు మొదటి దినమే ఎందుకు చెప్పలే’ అన్నాను. ‘చెప్తె ఇంకో ఉత్తరం తెస్తుంటివా’ అన్నది.

నేను చేసిన సంతకం దేనిమీదో నాకు తెలియకపోవడం ఇదే మొదటిసారి. మంచిదే అయింది.

ఆశీస్సులతో,
పుష్పమ్మ

తా.క. కింద రెండు ముక్కలు రాస్తానని కృప కలం లాక్కున్నది. నేను చదవలేదు.

ఆర్థర్ గారికి, గెలిచినందుకు అభినందనలు. కాని కొట్టేటప్పుడు మీరు కుడి భుజం దించేస్తున్నారు. బొల్లారం బయలులో మీరు సాధన చేస్తుంటే రెండేళ్లుగా చూస్తున్నాను, చెప్పే వీలు ఇప్పుడు దొరికింది. — దేవకృప