మూడో ప్రకటన

శంషాబాద్,
మంగళవారం

బాపుకు,

వందనాలు. ‘ప్రభువు నామంలో’ అని ముందు రాయడం నువ్వే నేర్పావు. ఈసారి రాయడం లేదు. ఆ పేరు అడ్డం పెట్టుకొని నువ్వు చేసిన పనికి నా ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. లోకం ముగుస్తుందనే ఆ ప్రవక్త మాట విని ఫోన్ కూడా పారేశావు కాబట్టి లచ్చమ్మ పెద్దమ్మ చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను. చదవకుండా పొయ్యిలో పెట్టకు.

మొన్న ఆదివారం మన జల్‌పల్లి మందిరంలో జీవన్‌తో నా పెళ్లి ప్రకటన మూడోసారి చదివారు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదవడం, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాస్టరు అయ్యగారు అడగడం మన ఆనవాయితీ. ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ లేవలేదు. అయ్యగారు కూడా అడిగి, జవాబు కోసం చూడకుండానే పాటల పుస్తకం తెరుస్తారు. ఆరోజు నువ్వు లేచావు. సంఘపెద్దవు, కన్నతండ్రివి. “నాకున్నది అభ్యంతరం. ఈ శుక్రవారం ప్రభువు వస్తుండు. ఇప్పుడు పెండ్లేంది?” అన్నావు. జీవన్ వాళ్లమ్మ తల వంచుకుంది. జీవన్ నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. పిల్లవాడిలో ఏం లోపం కనిపెట్టాడో తండ్రి అని ఇప్పుడు బస్తీ అంతా చెవులు కొరుక్కుంటోంది.

లోకం ముగుస్తుందని చెప్పేవాళ్లు ఇంతకుముందూ వచ్చారు. నా చిన్నప్పుడు ఒకాయన వస్తే, ఆ దినం ఏ మనిషికీ తెలియదని ఆయన మొహం మీదే చెప్పి పంపింది నువ్వే. అప్పటి ఆ బాపు ఏమైపోయాడు? మైలార్‌దేవ్‌పల్లిలో రేకుల షెడ్డు కింద మైకు పట్టుకున్నవాడు చెబితే ఎలా నమ్మావు? శంషాబాద్‌లో ఆయన కొన్న ప్లాటుకు ప్రహరీ కట్టిన మేస్త్రీవి నువ్వే, అదీ సేవ అని కూలి తీసుకోకుండా. శుక్రవారం ఆకాశానికి ఎగిరిపోయేవాడికి ప్రహరీ ఎందుకని ఒక్క ఇటుక పెట్టేటప్పుడైనా అనిపించలేదా? ప్రభువు రాకడను నేనూ నమ్ముతాను. దానికి తారీకు వేసి జనాన్ని పోగేసుకునేవాణ్ణి నమ్మను.

అసలు బాధ వేరే ఉంది. నిన్న నువ్వు పనికి పోయినప్పుడు ఇంటికి వచ్చి అమ్మ పెట్టె తెరిచాను. అమ్మ పెళ్లినాటి తెల్లచీర లేదు. నా పెళ్లికి అదే కట్టుకోమని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో నీకు తెలుసు. ఆ షెడ్డులో అందరూ తెల్లబట్టలు కట్టుకొని ఎదురుచూడాలట. ఎవరికిచ్చావు? కరోనాలో దవాఖానవాళ్లు అమ్మను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇచ్చారు. ముఖం చూడనివ్వలేదు, చీర కట్టనివ్వలేదు. మనకు మిగిలిన అమ్మ ఆ చీరే. దాన్ని కూడా దానం చేశావా?

అభ్యంతరం చెప్పినవాడే లేచి వెనక్కి తీసుకోవాలని అయ్యగారు అన్నారు. తీసుకుంటావో లేదో నీ ఇష్టం. ఈ ఆదివారం వరకు చూస్తాను. ఆ తర్వాత నేనూ జీవన్ రిజిస్టర్ ఆఫీసుకు పోతాం. నువ్వు రావద్దు.

‘నీ బిడ్డ’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు,
శోభ


జల్‌పల్లి,
ఆదివారం

బిడ్డా శోభా,

నీ ఉత్తరం ఆరోజే అందింది. చదివితే కోపం వచ్చింది. నీ మీద రాలేదని చెబితే అబద్ధమవుతుంది.

చీర ఎవరికీ ఇవ్వలేదు. నువ్వు వెతికినప్పుడు అది ఇస్త్రీ దుకాణంలో ఉంది. శుక్రవారం అందరూ షెడ్డుకు పోతే నేను సమాధుల దగ్గరికి పోయాను. రాకడనాడు విశ్వాసంలో చనిపోయినవాళ్లు ముందు లేస్తారని వింటూనే ఉన్నాం కదా. మీ అమ్మ జంగమ్మ ఆ కవరులోంచి లేస్తే ఒంటిమీద ఏముంటుంది? నలుగురిలో సిగ్గుపడదా? అందుకే చీర సమాధి మీద పరిచి కూర్చున్నాను. మీ అమ్మ ముఖం ఒక్కసారి చూడొచ్చన్న ఆశతో ఆ తారీకు నమ్మాను. ఆ దినం ఎవరికీ తెలియదన్న వాక్యాన్ని నేనే మింగేశాను. పొద్దెక్కింది. విమానాలు వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి. కావలి మనిషి వచ్చి, “ఏంది కొండలన్నా, చీర ఎండకేసినవా?” అని అడిగాడు.

చీర మడిచి సంకలో పెట్టుకొని షెడ్డుకు పోయాను. లెక్క జర తప్పిందని, క్రిస్మస్‌లోపు ఖాయమని ఆయన మైకులో చెబుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు నెత్తురు మరిగింది. నడుమ నిలబడి, “నాకున్నది అభ్యంతరం” అన్నాను. “నా పెండ్లాం లేస్తదని పొద్దటి సంది సమాధి కాడ కూసున్న. నువ్వు మాత్రం ప్రహరీ కట్టించుకున్నవ్.” అంతకంటే చెప్పనివ్వలేదు. ఇద్దరు పట్టుకొని బయటికి నెట్టారు. అంగీ చినిగింది.

ఇవాళ మన మందిరంలో లేచి నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను. పిల్లవాడిలో ఏ లోపం లేదని, లోపం నాదేనని చెప్పాను. జీవన్ వాళ్లమ్మను అందరి ముందూ క్షమించమన్నాను. ఆమె ముఖం తిప్పుకుంది. తిప్పుకోవడం న్యాయమే. వచ్చే ఆదివారం మూడో ప్రకటన మళ్లీ చదువుతారు. ఈసారి జవాబు కోసం ఆగుతానని అయ్యగారు నన్ను చూస్తూ చెప్పారు. పెళ్లికి నన్ను రావద్దన్నావు. లోపలికి రాను, బయట నిలబడతాను.

చీర రెండుసార్లు ఉతికాను. అంచుకు సమాధి మట్టి అంటింది, పోవడం లేదు. నిమ్మకాయతో రుద్దితే పోతుందని లచ్చమ్మ అంది. నేను రుద్దనివ్వలేదు. ఉంచాలో పోగొట్టాలో నువ్వు వచ్చి చెప్పు.

నీ బాపు,
కొండల్